చింతపిక్కల లెక్క

తవుడు గుంటడు నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు.
"గేసు పోయినాదత్తా. రెండువేల ఎనిమిదొందలవుతాది."
ఎలాగ చూసేవురా అంటే
గాలి కాడ చెయ్యి పెట్టి చూసేడట.

చెయ్యి పెడితే జ్వరమని తెలుస్తాది,
ఎంత జ్వరమో తెలవదు.
నెల్లిమర్ల మిల్లులో ఇరవైరెండేళ్ళు
గోనెసంచుల మూతులు కుట్టినదాన్ని నాను.
గంటకెన్నో లెక్క చెప్పకుండా
ఒక్క రూపాయి ఇంటికి తెచ్చింది లేదు.
ఎల్లుండి రారా అన్నాను.

ఫేను ఆపేను, ఫ్రిజ్జు ఆపేను,
ఏసీ ఒక్కటీ ఉంచి
మీటరు ముందు పీటేసుకు కూర్చున్నాను.
ఎర్రదీపం మిణుక్కుమంటే ఒకటి.
పదికో చింతపిక్క ఇటునుంచి అటు.
నిమిషానికి డెబ్బై అయిదు.
మూడువేల రెండొందల మిణుకులకి ఒక యూనిట్టని
మీటరు మొహమ్మీదే రాసుంది,
అడిగినోళ్ళు లేక ఊరుకుంది.

కోళ్ళషెడ్డు సన్యాసినాయుడు దగ్గర
వేడి చూసే గాజుకడ్డీ తెచ్చేను.
ఏసీ గాలి పీల్చేచోట ఇరవైతొమ్మిది,
వదిలేచోట ఇరవైఒకటి.
గొట్టం కింద లీటరు చెంబు పెడితే
గంటకి సగం దాటి ఆగిపోయింది.
శ్రావణమాసం గాలి, పిండితే నీళ్ళు కారాలి కదా!

ఇది చల్లదనం పుట్టించే యంత్రం కాదు.
హమాలీ.
గదిలో వేడిని భుజానికెత్తుకుని
గోడవతల దింపి వస్తాది.
ఒక ముద్ద కరెంటు తింటే
మూడు ముద్దల వేడి మొయ్యాలి.
తిండి పెరిగి మోత తగ్గిందంటే
జబ్బు హమాలీదా, దారిదా
ముందది చూడాలి.

పెరట్లోకెళ్ళి డబ్బా వెనక చూసేను.
మిల్లుగోడ మాకు పది బారల దూరం.
జనుము నూగు
తడిసి, ఎండి, మళ్ళీ తడిసి
రేకుల మీద కంబళిలా పరుచుకుంది.
వేలితో లాగితే ఒక్క ముక్కగా వచ్చింది
బెల్లం రంగులో.
ఆ వాసన నాకు తెలుసు.

కరెంటు తీసేసి
పాత పళ్ళబ్రష్షుతో, ఒంగిన రేకులకి పేనుదువ్వెనతో,
కొళాయి సన్నంగా తిప్పి
పొద్దు వాలేదాకా కడిగేను.
కాలువలో నీళ్ళు పచ్చగా పోయేయి.

మళ్ళీ పీట. మళ్ళీ పిక్కలు.
యాభై ఎనిమిది.
ఇరవైతొమ్మిది లోపలికి, పదిహేడు బయటికి.
చెంబు పొర్లి నా కాలివేళ్ళు తడిసేయి.
గేసు ఎక్కడికీ పోలేదురా తవుడూ!

పాత హాజరు పుస్తకంలో అన్నీ రాసేను.
అదే పేజీలో ఇంకో గడి ఉంది, ఆయనది.
ఆస్పత్రిలో ఇచ్చిన మూడుగోళీల డబ్బా
పొద్దుటొకపాలి, రాత్రొకపాలి పీలుస్తారు.
ఒక గోళీ లేస్తాది,
రెండోది కదిలి ఊరుకుంటాది.
ఏసీ కొన్నది ఆయన నిద్ర కోసమే,
ఇంకా తొమ్మిది వాయిదాలున్నాయి.
అదే మిల్లు, అదే నూగు.
ఆయన వీపు వెనక కొళాయి పెట్టలేను కదా.

తెల్లారి రెండో గోళీ లేచింది.
రాసేను. పక్కన ప్రశ్న గుర్తు పెట్టేను.
ఒక్కపాలి కొలిస్తే అది కొలత కాదు,
ఆశ.

తవుడొచ్చి పుస్తకం రెండుసార్లు చదివేడు.
కొట్టుకుపోయిన మొహంతో నిలబడి
"ఆ గాజుకడ్డీ ఎంతత్తా?" అన్నాడు.
నాయుడు నడుగు, నాది కాదు అన్నాను.
టీ ఇచ్చేను.

ఇంతలో గోడమీంచి బంగారమ్మ కేక.
వానాకాలం పిల్లల యూనిఫారాలు
మా డబ్బా ముందరే ఆరేస్తాది,
వేడి ఊరికే పోతోంది కదా అని.
"ఏటొదినా, నీ డబ్బాకి ఏటి తినిపించేవు?
మా గుంటడి చొక్కా ఎగిరి
ములగచెట్టెక్కింది!"