ఖాళీ

కేసు లేదా అన్నాడు కొరియర్ అబ్బాయి ఫోన్లో.
నా మీద ఏ కేసూ లేదు తమ్మీ అన్నాను.
వాడు నవ్వలేదు.

కేసు మొన్నటి రామంతాపూర్ వానలో పోయింది.
మంచం కింద ఉన్నది మంచం కిందే నానింది,
గోడ మేకుకు వేలాడింది గనక గిటార్ బతికింది.
మోకాలి లోతు మురికినీళ్లలో నిలబడి
ముందు దాన్నే చూశాను,
తర్వాతే బియ్యం డబ్బాని.
ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడది దీమాపూర్ పోవాలి.
అలెమ్లా అనే అమ్మాయి, మొహం తెలియని మనిషి,
డబ్బు ముందే పంపేసింది.
ఎందుకు అమ్ముతున్నారని అడగలేదు.
అడిగితే ఎడమచేతి ఉంగరపు వేలు చూపించేవాణ్ణి,
బండి మీంచి పడ్డాక అది సగమే వంగుతోంది.

కోఠీలో సైకిళ్ల దుకాణం వెనక అట్టపెట్టె,
ముప్పై చెప్పి ఇరవైకిచ్చాడు.
నిలువునా కోసి మడిస్తే సరిపోయింది.
తీగలు వదులు చేశాను, పూర్తిగా కాదు,
పడుకునే ముందు ఆడవాళ్లు జడ వదులు చేసుకున్నంత.
తీగలకీ మెట్లకీ మధ్య
ఎవరిదో శుభలేఖ అట్ట దూర్చాను,
దాని మూలన పసుపింకా వదల్లేదు.
స్వరాన్ని వణికించే ఇనప కడ్డీ మర తిప్పి తీసి
ఒంటి సాక్సులో పెట్టాను.
ఈపాటి తెలివి చాలనుకున్నాను.

అప్పుడొచ్చింది పై వాటా మొహసినా ఖాలా.
లాడ్‌బజార్‌లో ముప్పై ఏళ్లు
గుల్బర్గాకీ నాందేడ్‌కీ గాజుల పెట్టెలు కట్టిన చేతులు.
తొంగి చూసి, "గిట్లనే పంపుతవా బిడ్డా?
మెడ కింద ఏం లేదు గద.
పసిగుడ్డును ఎన్నడన్న ఎత్తుకున్నవా?
తల పట్టుకుంటె సాలదు."
నేను మాట్లాడలేదు.
"గాజు దెబ్బకు పల్గదు.
ఖాళీకి పల్గుతది."

కింద కూచుంది. పేపర్లు తెమ్మంది.
మడవకు, నలుపు అంది.
తన ఉర్దూ పేపరూ నా తెలుగు పేపరూ
కలిపి ఉండలు చుట్టాం,
రెండింట్లోనూ అదే ఉల్లి ధర,
అదే మూసీ మీద అవే మాటలు.
ఒంటికి తన పాత దుపట్టా, మెడ కింద నా తువ్వాలు,
చెవుల్లాంటి ఆ మరల చుట్టూ దూది.
పెట్టె లోపల పెట్టె, మధ్యలో మళ్లీ కాగితం.

చెరో పక్కా పట్టి ఎత్తి ఊపాం.
టక్.
"మాట్లాడుతుంది. ఇంక నిండలే."
టేపు చీల్చాం. నాలుగు ఉండలు. ఊపాం.
సన్నగా ఏదో గొణిగింది.
మళ్లీ చీల్చాం.
మూడోసారి ఏమీ లేదు.
పదహారేళ్లు దాన్ని మోగించడానికే తంటాలు పడ్డాను,
వద్దని ఈ ఖాలాయే నేల మీద చీపురుకట్టతో కొట్టేది.
ఇవాళ అది నోరెత్తలేదని
ఒకర్నొకరు చూసుకుని నవ్వాం.
ఆ నవ్వు నాకు ఎక్కువసేపు నిలవలేదు.

తార్నాక కౌంటర్లో తూకం వేశారు.
ఆరు కిలోల నాలుగొందలు.
గిటారు బరువు నాకు తెలుసు, మూడున్నర.
మిగిలిన రెండు కిలోల తొమ్మిదొందలూ
ఖాళీ బరువు.
దానిక్కూడా డబ్బు కట్టాను.
పగిలే వస్తువా అని అడిగాడు.
పగిలేదే అన్నాను, ఇంకేదో అనబోయి ఊరుకున్నాను.

రాత్రి చీపురు పడుతుంటే
మంచం కింద సాక్సు తగిలింది, బరువుగా.
కడ్డీ.
మెట్ల మీద నించే అరిచాను, ఖాలా అని.
ఆమె తిట్టలేదు,
ఖాళీ గాజుల డబ్బా ఒకటి చేతిలో పెట్టింది.
అందులో సరిగ్గా పట్టింది, దుపట్టా పీలికతో సహా.

అయినా చెవి దగ్గర పెట్టుకుని
ఊపి చూశాను.