పాలు పట్టని గింజ

వన్నూరమ్మ చాపిన చీటీ చెమటకు సగం చెరిగింది.
ఉరవకొండ క్లినిక్కుది: "ఎక్స్‌రే, రెండు తుంట్లు."
పసిది ఏడు వారాలది.

ఇప్పుడు తీయనమ్మా, అన్నాను.
కొంగుముడి విప్పి యాభై నోటు చూపింది.
అనంతపురం పెద్దాసుపత్రిలో, ఇరవై రెండేళ్లుగా,
నా "తీయను"కు జనానికి తెలిసిన అర్థం అదొక్కటే.

అవ్వ ఓబక్క ముందుకు తోసుకొచ్చింది.
"కాళ్ల మీద పండుకోబెట్టి నీళ్లు పోస్తాంటే
ఎడమ తొడ కటుక్కుమనింది.
నా చేతికి తెలిసింది, నీ మిషనుకు తెలీదా?"

తెలీదవ్వా.
ఉత్తర కార్తె కదా, మీ చేన్లో ఊడలు దిగుంటాయి,
ఒక చెట్టు పెరికి చూడు.
కాయ ఉంటుంది, నొక్కితే నీళ్లు.
గింజ లేదని కాదు, పాలు పట్టలేదు.
ఈ బిడ్డ తుంటి గుండూ అంతే, ఇంకా ఎముక కాలేదు.
నా కిరణం దాన్ని దాటిపోతుంది,
ఫిల్ములో ఖాళీ పడుతుంది.
ఆ ఖాళీని చూసి ఏమని చెప్పేది,
కుదురుగా ఉందనా, జారిందనా?

పద్నాలుగో గదికి పోండి.
అక్కడిది శబ్దంతో తడిమి చూస్తుంది,
నీ చెయ్యి మాదిరే.

పోతూ పోతూ ఓబక్క వెనక్కి తిరిగి
గొంతు తగ్గించింది: "ఎదురుకాళ్లతో పుట్టిందప్పా."
మొదట చెప్పాల్సిన మాట అది.
చీటీ వెనక నేనే రాశాను, పెద్దక్షరాలతో.

జెల్లు చల్లదనానికి బిడ్డ కెవ్వుమంది.
ఫిరోజా మేడం తెర మీద గీతలు గీసింది:
గిన్నె లోతు చాలలేదు, కోణం నలభై ఆరు.
నా గది ముందు వరస పెరుగుతోంది,
నేను ఆ తలుపు దగ్గరే ఉన్నాను.

పట్టీలు కట్టారు, కప్పకాళ్లు పెట్టి.
గుడ్డలో కాళ్లు చాపి బిగించొద్దన్నారు,
పట్టీలు తీశాక చంకనెత్తుకొని తిప్పమన్నారు.
ఓబక్క నవ్వింది:
"దానికి గూడా చీటీ రాస్తారా?"

మాఘంలో వచ్చారు. ఈసారి వంతు నాది.
సీసపు కోటు తొడుక్కున్నాను. ఒక్కటే ఫిల్ము, అంతే.
రెండు వైపులా తెల్లటి చుక్క,
ఎడమది కొంచెం చిన్నది.
పాలు పట్టింది.

"నడుస్తుందా?" వన్నూరమ్మ.
అది డాక్టరు చెప్పాల్సిన మాట.
నేను కోటు విప్పుతూ నడుం పట్టుకున్నాను,
అలవాటుగా.

ఓబక్క కంట పడింది.
"తిరుగప్పా," అనింది, బిడ్డను ఎత్తి పట్టుకొని.
"ఎదురుకాళ్ల పిల్ల."

తన్నింది. మూడు సార్లు.
ఎడమ కాలితోనే.