తిప్పుకునే చోటు

జెనోవా పాత రేవు వెనక
రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలే సందులు.
పైన ఆకాశం చీర అంచంత.
గొడుగు విప్పినవాడు
ఎదురొచ్చినవాడికి దారివ్వాలంటే మళ్ళీ ముడుచుకోవాలి.

ఆ సందులన్నీ మెలికలు తిరిగి తిరిగి
ఒకచోట ఊపిరి వదులుతాయి.
ఇటు పదకొండు అంగలు, అటు తొమ్మిది.
అంతే.
విగ్రహం లేదు. కుళాయి లేదు.
పటంలో పేరైనా లేదు.

నగరపాలక సంస్థ నుంచి ఒత్తావియా వచ్చింది
టేపు, సుద్దముక్క, ఒక ఫారం పట్టుకుని.
"ప్రస్తుతం దేనికి వాడుతున్నారు?" అన్న గడిలో
"దేనికీ కాదు" అని రాసుకుంది.
నాలుగు పూలకుండీలకు, రెండు బల్లలకు,
ఒక పత్రికల బడ్డీకి
నేలమీద గళ్ళు గీసింది.
వంకలేని గీతలు. చేయి మంచిది.

మూడో అంతస్తు కిటికీలోంచి నార్సీసా,
గుయాకిల్ నుంచి వచ్చి పంతొమ్మిదేళ్ళయినా
ఉతికిన ప్రతిసారీ ఈ సముద్రపు చెమ్మను తిట్టే నార్సీసా
అడిగింది:
"మరి దుప్పట్లు ఎక్కడ మడవాలి?"

ఒత్తావియాకు అర్థం కాలేదు.
జోడు మంచం దుప్పటికి ఇద్దరు మనుషులు కావాలి.
ఆ ఇద్దరి మధ్య దుప్పటంత దూరం కావాలి.
ఆ దూరం
ఈ ఇళ్ళలో ఏ గదిలోనూ లేదు.

సరిగ్గా అప్పుడే పై వీధి నుంచి బీరువా దిగింది.
నలుగురు కూలీలు, ముందు బాచిచ్చా,
డెబ్భై దగ్గరపడినా భుజాన పట్టీ వదలనివాడు.
పోయిన టీచరమ్మ బీరువా, అక్రోటు చెక్కది,
మనవరాలి కాపురానికి వెళుతోంది.
గోడలకు గోరంత ఎడంతో
నిలువునా, ఊపిరి బిగబట్టి వచ్చింది.
"దించండి" అన్నాడు బాచిచ్చా.
దించారు. చెమట తుడుచుకున్నారు.
కుర్రకూలీ ఒకడు తలుపు అద్దంలో మీసం చూసుకున్నాడు.
తర్వాత మెల్లిగా
రేవులో ఓడను తిప్పినట్టు
దాన్ని తిప్పారు.
ఎనిమిది బూట్ల కింద
రెండు కుండీలు, సగం బడ్డీ
సుద్దపొడి అయిపోయాయి.

"శవపేటికనైనా ఇక్కడే తిప్పుకోవాలమ్మా."
మందలింపు లేదు గొంతులో, కూలి ఎంతో చెప్పినట్టు చెప్పాడు.
"మా అమ్మను తిప్పాం. పియానోలు ఏడు తిప్పాను.
ఒకసారి, రాత్రిపూట, నిప్పులార్పేవాళ్ళ గొట్టం."

నా భాషలో
గడప దాటిన ప్రతివాడూ బయలుదేరతాడు.
దాచిందేదైనా ఒకనాటికి బయలుపడుతుంది.
రెండింటికీ ముందు కాస్త బయలుండాలని
మాటకు తెలుసు,
పలికే మనకే గుర్తుండదు.
మా పాత పుస్తకాల్లో అరసున్న ఉండేది.
ఎవరూ పలకరు కదా, చోటు దండగని తీసేశారు.
అది పోయాక
సంవత్సరమూ, ఏడు అనే అంకే
ఒకే అక్షరాల్లో ఇరుక్కున్నాయి.

పన్నెండూ పదికి ఎండ వచ్చింది.
నలభై నిమిషాలుంటుంది, ఎండాకాలమైతే గంట.
ఎవరి కుర్చీలు వాళ్ళు మోసుకొచ్చారు.
సెనెగల్ దర్జీ మాపతే రెండు దారపు ఉండలతో వచ్చాడు,
ఏది నలుపో ఏది ముదురు నీలమో
దుకాణంలో దీపం కింద తేలదట.
మిగిలిన సుద్దగళ్ళలో పిల్లలిద్దరు తొక్కుడుబిళ్ళ ఆడారు.
నార్సీసా కిందికి దిగి
ఏమీ అడక్కుండానే దుప్పటి కొస
ఒత్తావియా చేతిలో పెట్టింది.
ఇద్దరూ వెనక్కి నడిచారు, బట్ట బిగిసేదాకా.
ముందుకు నడిచారు, వేళ్ళు తగిలేదాకా.
ఫారం కుర్చీ మీద ఎండలో పడి ఉంది.

మార్చిలో ఒక్క బల్ల మంజూరైంది, పోత ఇనుముది.
మొదటి మలుపులోనే ఇరుక్కుంది.
రాదు, పోదు.
దాటాలంటే పొట్ట లోపలికి పీల్చి పక్కవాటుగా నడవాలి.
సాయంత్రాలు బాచిచ్చా దానిమీదే కూర్చుంటాడు,
దీన్ని ఎక్కడిదాకా మోసుకెళ్ళి
ఎటు తిప్పాలా అని చూస్తూ.