నాలుగో వరుస

న్డోలా దాటాక నర్సరీ.
ఎర్రమట్టి. కింద రాగి, పక్క గుట్టలో రాగి,
లారీ టైర్లకంటిన దుమ్ములో రాగి.
ఇంత లోహం మీద నిలబడి
యూకలిప్టస్ పిల్లలు
దేనికో మొహం వాచి ఉన్నాయి.

చెదలన్నాడు కాపలా కపెంబ్వ.
వానలు తొందరగా పోయాయి కదా, నీళ్లు చాలలేదన్నారు ఆఫీసులో.
బనా చిలుఫ్యా ఏమీ అనలేదు.
మోకాళ్ల మీద కూర్చుని
ఒక్కో మొక్క నెత్తి తడిమింది,
జ్వరం చూసినట్టు.

"కింది ఆకులు నిక్షేపంలా ఉన్నాయి చూడు.
పైనే, పుట్టీ పుట్టని చోటే మాడింది."

అప్పుడు గుర్తొచ్చింది నాకు పాఠం.
నత్రజని కరువైతే ముసలాకు పసుపెక్కుతుంది,
తన చేతి ముద్ద చిగురు నోట్లో పెట్టి.
బోరాన్ అలా కాదు.
ఏ ఆకులో దిగిందో అక్కడే ఉండిపోతుంది.
కడుపు నిండిన పెద్దాకు పైనే
చిగురు నల్లబడి, ఈనెలు గరుకెక్కి, వంకర తిరుగుతుంది.
ఇవ్వకూడదని కాదు.
ఇచ్చే దారి లేదు.

ఆకులు కాగితం సంచుల్లో కిట్వే ల్యాబుకి పంపాం.
మూడు వారాలన్నారు. ఐదయ్యాయి.
ఈలోగా నాలుగు వరుసలు,
పాలడబ్బా మూతల మీద మేకుతో కొట్టిన అంకెలు.
ఒకదానికి ఇనుము, ఒకదానికి జింకు,
మూడోదానికి బోరాక్స్, బకెట్ నీళ్లకి చిటికెడు.
ఇంకో చిటికెడు పడితే ఆకుల అంచులు కాలిపోతాయి.
ఆకలికీ విషానికీ మధ్య ఉన్న జాగా
ఆమె గోరంత.

నాలుగో వరుసకి ఉత్త నీళ్లు.
"ఇవేం చేశాయి పాపం?" అంది.
పోల్చి చూడాలి, అన్నాను.
ఇవి పాడైతేనే
మిగతావాటి మాట నమ్ముతారు, అన్నాను.
నా బెంబాలో సగం న్యాంజా.
ఎంతవరకు చేరిందో.

ఆరో వారం మూడో వరుస తలెత్తింది.
ల్యాబు నుంచి కబురు లేదు.
నాలుగో వరుసలో పన్నెండుకి పదకొండు ముడుచుకున్నాయి.
తొమ్మిదోది మాత్రం
రెండు లేతాకులు చాపి నిలబడి ఉంది.
వంగి చూస్తే
దాని మొదట్లో మట్టి కాస్త తెల్లగా ఉంది.

బనా చిలుఫ్యా ఇటు చూడకుండా
నీళ్ల గొట్టం చుడుతోంది,
చుట్టిందే విప్పి మళ్లీ చుడుతోంది.

నేను నోటుబుక్కు తెరిచి రాశాను:
నాలుగో వరుస, తొమ్మిదో మొక్క.
లెక్కలోకి రాదు.