చుక్క పెట్టిన మాట

లొల్ల లాకుల మీద సాయంత్రం నాలుగింటికి
చక్రం ఇరుసుకి ఆముదం రాస్తున్నాడు
లస్కరు తలుపులు.
లోవ తలుపులమ్మ మొక్కు పేరంట;
ఈ ఉద్యోగంలో చేరాకే
జనం ఆ పేరు విని నవ్వడం మొదలెట్టారంట.

నా సంచిలో ఒక మాట ఉంది.
దాన్ని ఎవరూ రాయలేదు.
విన్న చెవి ఒక్కటీ మిగల్లేదు.
మునిమనవల ముక్కులు చూసి ముత్తవ్వ ముక్కు గీసినట్టు
పండితులు గీశారు: లుకఁ.
చివర్న, మనం పారేసుకున్న అరసున్న.
ముందర ఒక చుక్క,
ఇది ఊహ సుమా, అని.

అంతకు ముందు వంచడమో మెలిపెట్టడమో అంటారు.
చలిదేశపు పశువుల దొడ్డికి
పచ్చికొమ్మ వంచి అడ్డంకట్టిన చెయ్యి
ఎవరిదో.

పిల్లలు తలోదిక్కు పోయారు.
జర్మనీలో పెరిగింది కన్నం అయింది.
ఉత్తరాన మంచులో మిగిలింది మూత అయింది,
వయసు మళ్ళి, ముగింపు కూడా అయింది.
ఇంగ్లీషు ఇంట్లోది తాళం.
ఒకే కడుపున కన్నమూ మూతానా!
తోబుట్టువులంటే కోర్టు కూడా ఒప్పుకోదు.

ఆ తాళం ఓడెక్కి,
ఆనకట్ట సున్నం ఇంకా ఆరని రోజుల్లో
ఈ గట్టున దిగింది.
ఎండకి తలగుడ్డ చుట్టినట్టు
చివర ఉకారం చుట్టుకుంది.
బహువచనం కట్టుకుని సంసారంలో పడింది.
ఇప్పుడు ఆటోవాడు దాన్నే కేకేస్తాడు.
టీకొట్టు మంగాయమ్మకి
ఇంటిపేరు ఏదైతేనేం, లాకుల మంగాయమ్మే.

ఇదంతా చెప్పాను.
ఆముదం వేలితోనే చెవి గోక్కున్నాడు తలుపులు.
"ఆయ్, మూతా కన్నమూ వేరని ఎవరన్నారండీ?
ఏప్రిల్లో దించితే మూత.
జూన్లో ఎత్తితే కన్నం.
పడవలు తిరిగే రోజుల్లో
మా నాన్న ఒక్క పూటలో పదిసార్లు
దాన్ని అదీ ఇదీ చేసేవోడు.
ఇనుము అదేనండి."

పడవలు ఎప్పుడు మానేశాయని అడిగితే
కాలువ వైపు చూశాడు.
గుర్రపుడెక్క మీద ఒక కొంగ
నడిచిపోతోంది, నేలనుకుని.

పుస్తకం తెరిచి,
కొమ్మ కింద కొమ్మ గీసి, అన్నిటికన్నా కింద రాశాను:
లాకు. నామవాచకం. లొల్ల.
విన్నాను కాబట్టి చుక్క పెట్టలేదు.

"మా ఊరు సరిగ్గా రాశారా?" అని
తలుపులు వంగి చూశాడు.
ఆముదం చుక్క
దానంతటదే పడింది.