చిన్న అక్షరాలు

పట్టిక కింద, అంచున,
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది అసలు సంగతి:
ముప్పై అయిదు బార్లు దాటితే నమ్మవద్దు.
సందిగ్ధ బిందువు దగ్గర నమ్మవద్దు.
నీరు ఉన్నచోట వర్తించదు.

నీరు ఉన్నచోట!
వైనతేయకీ వశిష్ఠకీ మధ్య
వరిచేను కింద మూడు కిలోమీటర్ల లోతుకి
గొట్టం దించి కూర్చున్నాం మేము.
ఇక్కడ గోడ చెమ్మ, బీరువాలో రిజిస్టరు చెమ్మ,
గ్యాసు కూడా తడి గొంతుతోనే పైకొస్తుంది.

రాత్రి లెక్క కట్టాను.
మీథేన్ ఇంత ఆవిరిలో, ఇంత ద్రవంలో,
ఈథేన్, ప్రొపేన్, బ్యూటేన్,
పేరుపేరునా వాటాలు వేశాను
ఆస్తి పంపకాల్లో పెద్దమనిషిలా.
ఏడు కర్బనాలు, ఆ పైవాళ్లందరినీ
ఒకే సంచిలో కుక్కి మూతి కట్టాను.
వాళ్లెవరో నాకు తెలియదు. లెక్క అడగలేదు.
తెల్లారేసరికి ట్యాంకులో ముప్పై ఒక్క సెంటీమీటర్లు ఉండాలి.

నలభై నాలుగు ఉంది.

కొలబద్ద తుడిచి మళ్లీ ముంచాను. నలభై నాలుగే.

నాగిడి ఏడుకొండలు గారు
సెపరేటర్ పొట్ట మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఊరుకున్నారు.
"ఒత్తిడి తగ్గిస్తే ఆవిరే కదండీ అవ్వాలి," అన్నాను.
"ఆయ్. దీనికి మాత్రం తగ్గిస్తేనే చెమట పడుద్దండి."

అదీ పుస్తకంలో ఉంది. వేరే అధ్యాయంలో.

టీ తాగుతూ చెప్పారు:
వాళ్ల నాన్న పోటు వేళ వేళ్ల మీద లెక్కపెట్టేవాడట.
తిథికి రెండు గడియలు వెనక్కి జరుపుకుంటూ పోవడమే,
ఏనాడూ తప్పలేదు.
"వాయుగుండం పట్టిన్రోజు అడిగితే మట్టుకు
చెప్పేవాడు కాదండి.
పడవ ఒడ్డుకి లాగేసి పడుకునేవాడు."

సందిగ్ధం. ఆ పేరు పెట్టిన తెలుగు మేష్టారెవరో గానీ
ఆయనకో దణ్ణం.
అక్కడ ఆవిరి బరువెక్కుతుంది, ద్రవం తేలికవుతుంది,
మధ్య గీత పలచబడి, పలచబడి,
అన్ని నిష్పత్తులూ ఒకటికి చేరి నిలబడతాయి.
అంతర్వేది దగ్గర చెంబు ముంచి
ఇది ఏరు, ఇది సముద్రం అని
ఏ పాయని విడదీస్తాం?

ముప్పై ఒకటిని కొట్టెయ్యలేదు.
అబద్ధం కాదది, ఊరు దాటి వచ్చిన నిజం.
పక్కన నలభై నాలుగు వేసి
చిన్న అక్షరాల్లో రాశాను: "ఇక్కడి దాకానే."

సిరా కాస్త పాకింది.
నీరు ఉన్నచోటు కదా.