వెనక ట్యాంకు

హైమా సనాయాల నాలుగో షెడ్డు మాది.
మధ్యాహ్నం రెండింటికి స్పానరు పట్టుకుంటే చెయ్యి కాలుతది.
అందుకే బకెట్టు నీళ్లల్ల ఏసి ఉంచుతం,
చేపల్లెక్క.

ముబారక్ తెచ్చిండు బండిని,
ఇంకో బండి వెనక తాడు కట్టి.
ముప్పై ఏండ్ల అమెరికా డీజిలు పికప్పు,
అసలు రంగేందో ఎండకే తెల్వాలె.
వెనక పన్నెండు బస్తాల ఒంటెల దాణా,
బస్తాల మీద ఒక మేకపిల్ల.
అది ఎందుకో నేను అడగలే.

"ముందు ట్యాంకు మీద మంచిగనే పోతది.
వెనక ట్యాంకుకు మీట తిప్పితే
కొంచెం దూరం పోయి సచ్చిపోతది.
ముల్లు పావు మీదనే ఉంటది.
మూడు పంపులు మార్చిన్రు, మూడు గరాజులల్ల.
మొన్న రాత్రి రోడ్డు మీదనే పండుకున్న."
సగం అరబ్బీ, సగం హిందీ,
మిగిలిందంతా చేతులు.

ముల్లు అబద్ధం అన్నడు యాసీన్ భాయి.
పాత బండి ముల్లూ అప్పులోడి వాయిదా ఒకటే.
నేను ఏమనలే.
ఫిల్టరు విప్పిన. సాఫుగున్నది.
లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు తగిలించి చూసిన:
బుడగలు.
తెగిన పూసల దండలెక్క ఒకదాని ఎనక ఒకటి.
గాలి తాగుతున్నది బండి.

నీళ్ల సీసాల డీజిలు పోసి
తిన్నగ పంపు నోట్లె పెట్టిన.
ఇంజను ఊగలే, దగ్గలే, నడిచింది.
అంటే పంపు మంచిదే.
అంటే తీసి పారేసిన రెండు పంపులూ మంచియే.
ఆ మాట ముబారక్‌కు చెప్పనీకి
నాకు అరబ్బీ సాలలే.

వాల్వు కాడ పైపులు ఊడదీసి నోటితోని ఊదిన.
ముందు ట్యాంకుల గుడగుడ.
వెనక ట్యాంకుల ఏం లేదు,
ఉత్త ఊపిరి,
నిద్రపోయినోని ముక్కుల నుంచి వచ్చినట్టు.

అప్పుడు బండి కిందికి దూరి
వేలి గణుపుతోని ట్యాంకును కొట్టుకుంట వచ్చిన,
పై నుంచి కిందికి.
టంగు. టంగు. టంగు.
అడుగుకు నాలుగేళ్ల మీద: దబ్.
ఉన్నది. ముల్లు చెప్పింది నిజమే.

"ఇది ఎక్కడ నేర్సుకున్నవ్?" యాసీన్ అడిగిండు.
షార్జాల, అన్న.
నేర్పింది మా నాయిన, మెట్‌పల్లి అంగడిల.
కుండను చెవికాడ పట్టుకొని ఒక్క దెబ్బ కొట్టి
పగులు ఎక్కడుందో చెప్పేటోడు.
మన్ను ముట్టనని నేను బస్సెక్కిన రోజు
ఆయన ఏ కుండా కొట్టలే.
యాసీన్‌కు ఇదంతా ఎందుకు.

ట్యాంకు దించేసరికి మగ్రిబ్ బాంగు అయ్యింది.
మూత రింగు విప్పి టార్చి ఏసిన.
పీల్చే పైపుకు ఉండాల్సిన ప్లాస్టిక్ పాదం
విరిగి అడుగున పడి ఉన్నది, డీజిల్ల నానుకుంట.
పైపు నాలుగేళ్లు పొట్టిగైంది.
కింద డీజిలు ఉన్నది,
మీద పైపు ఉన్నది,
నడుమ గాలి.

రబ్బరు ముక్క కోసిన,
కొన ఏటవాలుగ, అడుగుకు అతుక్కోకుండ.
ఒక క్లిప్పు బిగించిన.
ఆ రబ్బరుకు అర రియాలు కూడ కాదు.
ముబారక్ ఆ ముక్కను వేళ్ల నడుమ తిప్పి తిప్పి చూసిండు,
పాత బిల్లులు జేబుల నుంచి తీసి
మళ్లీ జేబులనే పెట్టుకున్నడు.
మేకపిల్ల మా స్పానర్ల బకెట్ల మూతి పెట్టి
నీళ్లన్నీ తాగింది.

రాత్రి రూములో అన్నం కలుపుతున్న,
నోట్లె ఇంకా డీజిలే.
ఫోను మోగింది.
"ముల్లు గీత కిందికి పడ్డది," అన్నడు ముబారక్.
"దుక్మ్ రోడ్డు మీద ఉన్న. వెనక ట్యాంకే."
తర్వాత ఆయన మాట్లాడలే.
కిటికీల నుంచి ఫోను బయట పెట్టినట్టున్నడు.
గాలి, గాలి నడుమ ఇంజను.
చెయ్యి ఎండిపోయేదాంక విన్న.